రెక్సిన్ కింద తోలు చరిత్ర



'మన చేతుల చరిత్ర' వరుసలో ఈసారి బండి సీటు గురించి రాస్తున్నాను. సీటు అంటే కాలేజీ సీటో, అసెంబ్లీ సీటో కాదు. మోటారు సైకిలు సీటు. చినిగిపోతే రోడ్డు పక్కన కుట్టించుకునే సీటు. దీనికి చరిత్ర ఏముంటుంది అనుకునేవాళ్లు ముందు ఒక చట్టం చదవాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సవరణతో చేరిన సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)లో బి క్లాజు తీసి చూడండి. ఎస్సీలు, ఎస్టీలు బహిరంగ స్థలాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా, చెప్పులు గానీ కొత్త బట్టలు గానీ వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా, ఆ ఊరేగింపులో గుర్రమో మరో వాహనమో ఎక్కకుండా అడ్డుకుంటే అది నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

మోటారు సైకిలు, చెప్పులు, గుర్రం. ఒకే క్లాజులో మూడూ ఉన్నాయి. ఈ మూడింటినీ పార్లమెంటు ఒక్కచోట ఎందుకు చేర్చాల్సి వచ్చింది? దేశంలో అలాంటి దాడులు జరుగుతున్నాయి కాబట్టి. 2018 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్లికొడుకు తన పెళ్లి ఊరేగింపు ఠాకూర్ల వీధుల గుండా తీయడానికి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాడు. చివరికి పోలీసు బందోబస్తు మధ్య ఊరేగాడు. చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది.

నాకు ఆ క్లాజులో ఇంకో సంగతి కనపడింది. చెప్పు, గుర్రం మీది జీను, తొలినాటి మోటారు సైకిలు సీటు. మూడూ తోలుతో చేసినవే. తోలు పని ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. చేసిన చేతులకే వాడుకునే హక్కు లేకుండా పోయిన వస్తువుల జాబితా అది.

1

ముందు వస్తువును చూద్దాం.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల అడవి దాకా బండి అనేది సోకు కాదు. బస్సు పోని ఊరికి బండే బస్సు. మిరప కోతలప్పుడు కూలీలను మోసేది, వేసవిలో తునికాకు కట్టలు మోసేది, మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం గనుల దగ్గర షిఫ్టుకు తీసుకెళ్లేది అదే. ఇద్దరికని చేసిన సీటు మీద ముగ్గురు కూర్చుంటారు, ముందు ట్యాంకు మీద ఒక పిల్ల. ఎండకు రెక్సిన్ పెళుసెక్కుతుంది. వానకు కుట్టు వదులవుతుంది. కంపెనీ సీటు కూలబడితే మళ్లీ కంపెనీదే వేయించే స్తోమత ఎంతమందికి ఉంటుంది? బజారులో దొరికే సీటు వేయించుకుంటాం. దానికి ఫోమ్ మెత్తన, కవరు పలచన. కొన్నాళ్లకే నడుం నొప్పి మొదలవుతుంది.

నా బండికి ఉన్నదీ అలాంటి బజారు సీటే. రెండు వానాకాలాలకే నడిమి కుట్టు విడిపోయింది. నీళ్లు లోపలికి దిగి, పైకి ఎండిపోయినట్టే కనపడినా కూర్చోగానే ప్యాంటు తడిసేది. సారపాక వైపు రోడ్డు పక్కన, పట్టా కప్పిన చిన్న షెడ్డులో సీట్లు కుట్టే ఒకాయన ఉన్నాడు. ఒక శనివారం సాయంత్రం సీటు విప్పి ఆయనకు ఇచ్చి వచ్చాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను.

పాత కవరును ఆయన రాత్రే విప్పేశాడు. ఫోమును పిండి దండెం మీద ఆరేశాడు. పిన్నులు తుప్పు పట్టి విరిగిపోతుంటే స్క్రూడ్రైవర్ మొనతో లేపి పకడుతో ఒక్కోటీ లాగాడట. ఒక్కటి మిగిలినా కొత్త కవరును లోపల్నించి కోసేస్తుంది కాబట్టి తొందరపడకూడదన్నాడు. అడుగు ప్లేటు పగిలిందేమో వేళ్లతో తడిమి చూశాడు. పాత బళ్లకు ఇనుప ప్లేటు ఉండేది, కవరును అంచుల్లోని ఇనుప కొక్కేలకు గుచ్చి వంచేవాళ్లు. ఇప్పటి బళ్లకు ప్లాస్టిక్ ప్లేటు, గన్నుతో పిన్నులు కొట్టడమే.

తర్వాత ఫోమ్. అరచేత్తో అక్కడక్కడా నొక్కుతూ పోయాడు. నడిపేవాడు కూర్చునే చోట రెండు గుంతలు. పైనుంచి చూస్తే కనపడవు, చేతికి తెలుస్తాయి. ఆ మేరకు బ్లేడుతో కోసి తీసేసి, దాని స్థానంలో గట్టి ఫోమ్ ముక్క పెట్టాడు. అది తుక్కు ఫోమ్‌ను మళ్లీ అదిమి చేసిన రకం, అంత త్వరగా కుంగదు. గమ్ము రెండు వైపులా పూసి వెంటనే అతికించలేదు. చేతికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు. అంచులు గరుకు కాగితంతో రుద్ది ఒరిపిడి లేకుండా చేశాడు. దాని మీద పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. కవరు మళ్లీ చిరిగినా నీళ్లు ఫోమ్‌లోకి పోకుండా.

కవరు కత్తిరించడమే అసలు పని. పాత కవరు కుట్లు విప్పి ముక్కలు విడదీసి, వాటిని కొత్త రెక్సిన్ మీద తిరగేసి పరిచి, సుద్దముక్కతో గీసి, చుట్టూ కుట్టు కోసం వేలెడు కన్నా తక్కువ జాగా వదిలాడు. అయితే పాత కొలతను గుడ్డిగా దింపలేదు. "పాతది సాగింది సార్, దాని కొలత నమ్మొద్దు" అన్నాడు. నడిమి కుట్టును నీళ్లు నిలిచే చోటు నుంచి ముందుకు జరిపాడు. నైలాన్ దారంతో పెద్ద మిషన్ మీద కుట్టి, కుట్టును ఒక పక్కకు మడిచి పైనుంచి ఇంకో వరస వేశాడు. కుట్టిన కవరును పావుగంట ఎండలో పెట్టాడు. వేడికి రెక్సిన్ మెత్తబడి మాట వింటుంది. ముందు ముక్కు దగ్గర రెండు పిన్నులు, తర్వాత వెనక తోక దగ్గర, ఆ తర్వాత పక్కలు. ఎడమకు ఒకటి కొడితే కుడికి ఒకటి, నడిమి నుంచి చివర్లకు. ఎక్కువ లాగితే సూది రంధ్రాల దగ్గర చిరుగుతుంది, తక్కువ లాగితే ముడత పడుతుంది. ఎంత లాగాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు. అది వేళ్లలో ఉంది.

మాటల్లో మాటగా ఆయన ఇంటి సంగతి వచ్చింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలు కుట్టేవాడు. తాత లంద దగ్గర పనిచేసినవాడు. ఈయన మాత్రం ఖమ్మంలో పరుపులు, రిక్షా టాపులు కుట్టే ఒక ముస్లిం ఉస్తాద్ దగ్గర పదేళ్లప్పుడు చేరి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తన దగ్గర ఒక కోయ పిల్లగాడు నేర్చుకుంటున్నాడు.

"మా నాయిన చెప్పులు కుట్టినన్నొద్దులు మాదిగోడు అన్నరు సార్. నేను సీట్లు కుడితే మిస్త్రీ అంటున్నరు" అన్నాడు ఆయన, పిన్నులు కొట్టడం ఆపకుండానే.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. కొయ్యడం, గుచ్చడం, లాగడం, కుట్టడం తండ్రి చేసిన పనులే. మారింది తోలు ఒక్కటే. మరి పేరు ఎందుకు మారింది?

2

తోలు పని ఎంత తెలివైన పనో ముందు చెప్పాలి. ఎందుకంటే మన పిల్లలకు ఆ పని అంటే వాసన ఒక్కటే గుర్తు చేస్తున్నారు, అందులోని విద్య గురించి ఎవరూ చెప్పడం లేదు.

చచ్చిన పశువు చర్మం వెంటనే కుళ్లడం మొదలవుతుంది. ఆ కుళ్లును ఆపి, పదేళ్లు నిలిచే వస్తువుగా మార్చడం రసాయన శాస్త్రం. చర్మాన్ని కడిగి సున్నపు నీళ్లలో నానబెడతారు. సున్నం వెంట్రుకల మొదళ్లను వదులు చేస్తుంది, చర్మాన్ని ఉబ్బిస్తుంది. రంపెతో పైన వెంట్రుక, కింద కండ గీకుతారు. సున్నం పోయేదాకా కడుగుతారు. అప్పుడు తంగేడు చెక్క దంచి నానేసిన నీళ్లలో వేస్తారు. దాన్నే లంద అంటారు. కొన్ని చోట్ల చర్మాన్నే సంచిలా కుట్టి, లోపల చెక్క నీళ్లు పోసి, కొయ్యకు వేలాడదీస్తారు. నీళ్లు చర్మం గుండా కొద్దికొద్దిగా దిగుతాయి. చెక్కలోని వగరు చర్మంలోని పీచును పట్టుకుని కుళ్లని పదార్థంగా మారుస్తుంది. ఇంగ్లీషు చదువుల్లో ఆ వగరు పేరు టానిన్. అయ్యవార్ల పుస్తకాల్లో ఆ పేరు లేని కాలంలోనే ఏ చెట్టు చెక్క ఎన్ని రోజులు నానాలో, ఏ తోలు చెప్పుకు, ఏది మోటకు, ఏది డప్పుకు పనికొస్తుందో మన ముత్తాతలకు తెలుసు.

ఇక్కడే మన అడవి కూడా వస్తుంది. తోలు పదునుకు వాడే కరక్కాయ భద్రాచలం అడవుల్లో పండుతుంది. కోయలు ఏరుకొచ్చిన కరక్కాయ 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో ఒకటి. అడవిలో ఏరిన చెయ్యి ఆదివాసీది, ఊరి బయట నానబెట్టిన చెయ్యి మాదిగది. ఆ రెండు చేతుల చరిత్రను ఇంతవరకు ఎవరూ ఒక్కచోట రాయలేదు.

తంగేడు సంగతి మరీ విచిత్రం. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా తంగేడు పువ్వును ప్రకటించారు. బతుకమ్మలో తంగేడు లేనిదే పండుగ లేదు. మంచిదే, నాకూ ఆ పువ్వు ఇష్టం. కానీ అదే చెట్టు చెక్క లందలో ఉంది. పువ్వును నెత్తిన పెట్టుకున్న ఊరు చెక్కను దంచినవాళ్లను పొలిమేర దాటించింది. తంగేడు గురించి పాఠ్యపుస్తకంలో రాసేటప్పుడు పువ్వు పక్కన చెక్క గురించి కూడా ఒక్క వాక్యం రాయమని అడుగుతున్నాను.

3

మోట లేకుండా పాత తెలంగాణ వ్యవసాయం లేదు. బావిలోంచి నీళ్లు తోడేది తోలు బొక్కెన, తోలు తొండం. ఎడ్ల మెడకు తోలు పట్టెడలు, చేతిలో తోలు చర్నాకోల. అంటే వరి పండటానికి నీళ్లు పెట్టింది మాదిగల తోలు. దానికి కూలి ఎంత? నిజాం కాలపు తెలంగాణలో చాలా ఊళ్లలో కూలి లేదు, వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్య తన 'వీరతెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు' పుస్తకంలో వెట్టి రకాలు వివరిస్తూ, భూస్వాములకు చెప్పులు, వ్యవసాయపు తోలు సామాన్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చేదని నమోదు చేశాడు. ఖమ్మం అప్పటికి జిల్లా కాదు, వరంగల్ జిల్లాలో భాగం. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి కలిసింది. మనం ఇప్పుడు ఒకటిగా చూస్తున్న ఈ నేలకు ఒక పక్క నిజాం పాలన, ఇంకో పక్క తెల్లవాళ్ల పాలన. రెండు పక్కలా లంద ఊరి బయటే.

దొరకు చెప్పులు కుట్టి ఇచ్చినవాడు ఆ దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. ఇది మా తాతల నోట విన్నది, మీ తాతలను అడిగినా చెప్తారు. 2015 సవరణలో 'చెప్పులు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇక్కడి నుంచే వచ్చింది.

అయితే తోలు ఊళ్లోనే ఆగిపోలేదు. తంగేడు చెక్కతో సగం పదును చేసిన ఆవుతోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు వెళ్లేవి. ఆ వ్యాపారంలో వాటి పేరు ఈస్ట్ ఇండియా కిప్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు పైతోలుగా వాటికి ఎంత గిరాకీ వచ్చిందంటే 1916 నుంచి బ్రిటన్ యుద్ధ శాఖే కొనుగోలును చేతిలోకి తీసుకుంది. కాన్పూరులో 1860లలోనే సైన్యం కోసం జీన్లు, గుర్రపు సామాను చేసే సర్కారు ఫ్యాక్టరీ వెలిసింది. అక్కడా పనిచేసిన చేతులు తోలు కులాలవే, ముఖ్యంగా చమార్లవి. సామ్రాజ్యం గుర్రమెక్కి తిరిగింది, ఆ జీను కుట్టినవాడి మనవడి పెళ్లికి గుర్రమెక్కాలంటే చట్టం కావాల్సి వచ్చింది.

1948లో మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వచ్చింది. దానికి డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన మన తెలుగువాడు. చర్మ శాస్త్రంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 1971లో పద్మశ్రీ వచ్చింది. 1985 జూన్‌లో కనిష్క విమానం పేలుడులో చనిపోయాడు. ఆయన మీద నాకు గౌరవమే. ఆయన పేరు ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, తోలు ముట్టుకున్నందుకు ఆయన అంటరానివాడు కాలేదు. కాకూడదు కూడా. తోలు ఫ్యాక్టరీ యజమాని, తోలు ఎగుమతిదారు, ఏసీ షోరూములో తోలు బ్యాగులమ్మే సేటు, వీళ్లెవరికీ మైల అంటలేదు. కాబట్టి మైల తోలులో లేదు. ఉంటే అందరికీ అంటాలి కదా! పనిని కాదు, పనిచేసే మనుషులనే విడదీసి మెట్లు కట్టింది కులం అని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ వాదించింది దీన్ని గురించే.

4

ఇప్పుడు సీటు దగ్గరికి రండి.

తొలినాటి మోటారు సైకిళ్లకు సైకిలు సీటు లాంటిదే ఉండేది. కింద స్ప్రింగులు, పైన మందపు తోలు. ఇంగ్లండులో బర్మింగ్‌హాంలో 1866లో మొదలైన బ్రూక్స్ లాంటి కంపెనీలు అలాంటి తోలు సీట్లకు పేరు పొందాయి. మనం తెలుగులో గుర్రానికి వాడే 'జీను' పారశీకం నుంచి వచ్చిన మాట. మోటారు సైకిలుకు ఆ మాట అతకలేదు, 'సీటు' వచ్చింది. 1950ల నాటికి ఇద్దరు కూర్చునే పొడుగు సీట్లు మామూలయ్యాయి. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలైంది. 1960లలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ కంపెనీ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక బండి మోతుబరి ఇంటి నుంచి మామూలు ఉద్యోగి ఇంటికి దిగింది. ఆ తర్వాత రిజర్వేషన్‌తో టీచరైన, గనుల్లో ఉద్యోగం దొరికిన దళితుడి ఇంటి ముందుకూ వచ్చింది.

ఈలోగా సీటులోంచి తోలు మాయమైంది. రెక్సిన్ అనేది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గరి హైడ్ అనే ఊళ్లోని కంపెనీ పెట్టుకున్న సరుకు పేరు. నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, పైన తోలు గీతల్లా అచ్చు వేసేవారు. తర్వాత ఆ పూత స్థానంలో పీవీసీ వచ్చింది. కంపెనీ పేరు మన దగ్గర సరుకు పేరైపోయింది. లోపలి ఫోమ్ జర్మనీలో ఓటో బేయర్ 1937లో కనిపెట్టిన పాలియురెథేన్ నుంచి వచ్చింది. అది వచ్చాక స్ప్రింగులు, కొబ్బరి పీచు పోయాయి.

రెక్సిన్ గురించి నేనొకటి గమనించాను. అది తోలు కాదు, కానీ తోలులా కనపడాలని తాపత్రయపడుతుంది. ఆ గీతలు, ఆ మెరుపు, ఆ కుట్టు వరసలు, అన్నీ తోలువే. అందరికీ తోలు రూపం కావాలి. తోలు చేసినవాడు మాత్రం వద్దు.

అదే సమయంలో ఊళ్లో ఏం జరిగింది? కరెంటు మోటార్లు, ఆయిల్ ఇంజన్లు వచ్చి మోట పోయింది. ఫ్యాక్టరీ చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి కిర్రు చెప్పులు పోయాయి. లందలు పూడిపోయాయి. 1973లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోలు పరిశ్రమల అభివృద్ధికని లిడ్‌క్యాప్ పెట్టింది. తోలు పనివాళ్లకు శిక్షణ, పార్కులు అన్నారు. నేను ఇంతవరకు కలిసిన సీటు పనివాళ్లలో ఆ శిక్షణ నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఎవరో ఒక ఉస్తాద్ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లే. ప్రభుత్వం చెయ్యని పనిని ఒక ముస్లిం పరుపుల పనివాడు చేశాడు. ఒక మాదిగ పిల్లవాడికి కులం పేరు లేని పని నేర్పాడు.

5

ఇక్కడ మన మధ్యే ఒక వాదన ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు.

ఒక పక్క, ఈ పని మనకు వద్దనే మాట. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం, ఎంగిలి కూడు మానుకొమ్మని, మనల్ని తక్కువ చేసే పనులు వదిలెయ్యమని చెప్పాడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టిన తర్వాత అక్కడి దళితులు పశువుల కళేబరాలను సర్కారు ఆఫీసుల ముందు పడేసి వచ్చారు. మీ తల్లి కదా, మీరే ఎత్తుకోండి అన్నారు. కళేబరాలు మోయమని ఎస్సీలను బలవంతపెట్టడం అదే 2015 సవరణ ప్రకారం నేరం.

ఇంకో పక్క, ఆ పనిలోని జ్ఞానం మనది, దాన్ని సిగ్గుతో పూడ్చిపెట్టొద్దనే మాట. కంచ ఐలయ్య మాదిగలను ఈ దేశపు అట్టడుగు శాస్త్రవేత్తలుగా చూపించింది అందుకే. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు అరుంధతీ సుతుణ్ని కావ్యనాయకుణ్ని చేసింది అందుకే. డప్పు విషయంలో ఇది ఎప్పుడో తేలిపోయింది. చావుకు కొట్టమని పిలిచిన డప్పును మన ఉద్యమం తన గొంతు చేసుకుంది. మణుగూరు మండలం కూనవరం నుంచి సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ చెప్పాడు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. డోలు మీద ఉన్నదీ తోలే.

నా మటుకు ఈ రెండు మాటలకూ పడదని అనుకోను. బలవంతం పోవాలి, జ్ఞానం మిగలాలి. సీటు కుట్టే షెడ్డులో నేను చూసింది ఈ రెండూ కొంతవరకు జరగడం. ఆయన పనిని ఎవరూ వెట్టిగా అడగరు. ధర ఆయనే చెప్తాడు, నచ్చకపోతే కుట్టనంటాడు. కానీ తాత చేతి పదును మనవడి చేతిలో ఉంది. అందుకే ఆయన తండ్రి పేరును మింగేసిన 'మిస్త్రీ' అనే గౌరవం నాకు సగం గౌరవంగానే కనపడుతుంది. మాదిగ అయి ఉండి కూడా మిస్త్రీ అనిపించుకున్న రోజు పూర్తి గౌరవం.

6

గౌరవంతో పాటు నేల సంగతి కూడా ఉంది. సారపాక, భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, 1970లో దానికొచ్చిన సవరణ, జనం నోట '1/70', ఇక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదంటాయి. ఆదివాసీల నేల ఆదివాసీలకు మిగలాలంటే ఆ చట్టం ఉండాల్సిందే. దాని మీద మనం రాజీపడకూడదు. అయితే ఆ చట్టం లెక్కలో దళితుడూ గిరిజనేతరుడే. పెద్ద కులాలవాళ్లు బినామీల పేరుతో, అధికారుల అండతో ఏజెన్సీలో మేడలు కట్టారు. బినామీ పెట్టుకునే తాహతు లేని మాదిగకు పట్టా కప్పిన షెడ్డే మిగిలింది. ఆక్రమణల తొలగింపు అంటే ముందు కదిలేది ఆ షెడ్డే. ఆదివాసీ హక్కును ముట్టుకోకుండా, ఏజెన్సీలోని భూమిలేని దళిత చేతివృత్తులవాళ్లకు పని చేసుకునే జాగా చూపించడం అసాధ్యం కాదు. పంచాయతీ షెడ్లు గ్రామసభ ఆమోదంతో అద్దెకివ్వొచ్చు. అడగాల్సింది మనం, కోయ సోదరులతో కలిసి.

ఇక రెండో సీటు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా అడిగింది చదువులో, ఉద్యోగంలో మా వాటా సీటు మాకు ఇమ్మని. 1997లో వర్గీకరణ వచ్చింది, 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల బెంచి వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేస్తూ చట్టం అమలైంది. మొదటి గ్రూపుకు 1 శాతం, మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం, మాలలున్న మూడో గ్రూపుకు 5 శాతం. దీని మీద మాల, మాదిగ సోదరుల మధ్య ఉన్న చర్చ మర్యాదగానే సాగాలని కోరుకుంటాను. నేనడిగేది వేరే. ఆ 9 శాతంలో లంద దగ్గర పనిచేసిన తాత మనవరాలు ఎక్కడ ఉంది? సీటు కుట్టేవాడి కూతురు డిగ్రీ మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి స్కాలర్‌షిప్పు సమయానికి వస్తోందా? కాగితం మీద సీటు వచ్చి, ఫీజు బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపేస్తే ఆ సీటులో కూర్చున్నట్టేనా?

7

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్పి ముగిస్తాను.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. నా చదువంతటిలో ఆరె, రంపె, గూటం, లంద, వారు, మోట తొండం అనే మాటలు నాకు ఏ సిలబస్‌లోనూ తగల్లేదు. ఇంట్లో, వాడలో విన్నాను. ఈ మాటలు తెలిసినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన ముసలివాళ్లు. వాళ్లు పోతే మాటలూ పోతాయి, మాటలతో పాటు విద్యా పోతుంది. ఈ సెలవుల్లో మీ వాడలో ఒక్క ముసలాయన పక్కనో ముసలమ్మ పక్కనో కూర్చోండి. తోలు పదునులో ఆడవాళ్ల పని ఎంతో ప్రత్యేకంగా అడగండి, చెక్క దంచిందీ నీళ్లు మోసిందీ ఎక్కువగా వాళ్లే. పరికరం పేరు, ఆకారం, దేనికి వాడతారో రాసుకోండి. ఫోన్లో గొంతు రికార్డు చెయ్యండి, వాళ్ల అనుమతితోనే.

అలాగే మీ ఊళ్లో సీట్లు కుట్టేవాళ్లు, చెప్పులు బాగుచేసేవాళ్లు, డప్పు మూసేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లకు కార్మిక శాఖ కార్డు ఉందో లేదో లెక్క తీయండి. మీ దగ్గర ఎవరినైనా బండి దిగి నడవమన్నారా, చెప్పులు విప్పమన్నారా, పేర్లు బయటపెట్టకుండా వివరం రాసి పంపండి. కేసు పెట్టాలంటే ఏ సెక్షనో పైన చెప్పాను. ఎఫ్‌ఐఆర్‌లో ఆ క్లాజు పేరు పెట్టి రాయించండి. అడగకపోతే రాయరు.

వచ్చే భాగంలో డప్పు మూత గురించి, దాన్ని నిప్పు సెగకు కాచే విద్య గురించి రాస్తాను.

జై భీమ్. జై జాంబవ.